పఠనాసక్తి నిమిత్తం గ్రంథాలయం మూసివేత

పిల్లల్లో పఠనాసక్తి పెంచే నిమిత్తం మా పాఠశాల గ్రంథాలయాన్ని మూడు వారాలపాటు మూసివేస్తున్నట్టు ప్రధానోపాధ్యాయులవారు సోమవారం ఉదయం సమావేశంలో సగర్వంగా ప్రకటించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏ ప్రకటనకైనా చప్పట్లు కొట్టడం మా పాఠశాలలో ఒకటో తరగతిలోనే నేర్పుతారు. అక్షరాలు ఆ తర్వాత.

తల్లిదండ్రుల సంఘం కార్యదర్శిని కావడంవల్ల ఈ మహత్కార్యాన్ని మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది. మా అమ్మాయి అదే బడిలో ఐదో తరగతి చదువుతోంది గనుక కొన్ని సంగతులు ఇంట్లో కూడా తెలిసేవి. వాటిని నేను పెద్దగా పట్టించుకోలేదు.

జరిగిందేమిటంటే, పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలు పుస్తకాలెందుకు చదవడం లేదో కారణాలు కనిపెట్టి నివేదిక పంపాలి. ఆ కారణాలు ఎవరి బుర్రలోంచో పుట్టినవై ఉండరాదు. పరిశోధనా వ్యాసాల డేటాబేసుల్లో పద్ధతి ప్రకారం వెతికి తీసినవై ఉండాలి. గ్రంథాలయం చూసుకునే ఆవిడకు, పిల్లలంతా పుస్తకాల టీచర్ అని పిలిచే ఆవిడకు, ఈ ఉత్తర్వు చూపించగానే తొందరపడి అక్కడికక్కడే జవాబు చెప్పేసింది.

"బీరువాలకి తాళాలున్నాయి సార్. తాళంచెవులు మీ సొరుగులో ఉన్నాయి. గది తెరిచేది మధ్యాహ్నం ఇరవై నిమిషాలు. పిల్లలు ఇంకెప్పుడు చదువుతారు?"

"అది మీ అభిప్రాయమమ్మా," అన్నారు ప్రధానోపాధ్యాయులు ఎంతో ఓపిగ్గా. "అభిప్రాయాలు అందరికీ ఉంటాయి. నాక్కావలసింది ఆధారం."

బీరువాలకు తాళాలు ఊరికే వేయలేదు. పదకొండేళ్ల కిందట, తాళాలు లేని అనాగరిక దశలో, ఎవరో చదివి ఒక పుస్తకం అట్ట చింపారు. ఆనాటినుంచి మా పుస్తకాలు నిన్నగాక మొన్న అచ్చయినట్టు మెరుస్తున్నాయి. తనిఖీకి వచ్చినవారు అద్దంలోంచి చూసి మెచ్చుకోకుండా వెళ్లరు.

డేటాబేసుల్లో వెతికే వ్యూహాలు నేర్పడానికి ఒక శిక్షకుడు వచ్చాడు. ఆయన వెంట ఎనిమిది కంప్యూటర్లు వచ్చాయి. ఫ్యాను సరిగా తిరిగే గది బడి మొత్తంలో గ్రంథాలయం ఒక్కటే. కాబట్టి బీరువాలు ఖాళీ చేసి మూలకు నెట్టి, పుస్తకాలను బయట వరండాలో మెట్ల పక్కన కుప్పపోసి, పైన ఒక నీలం టార్పాలిన్ పట్టా కప్పారు. పిల్లల పఠనం గురించి నిశ్చింతగా ఆలోచించడానికి గదిలో ఇప్పుడు బోలెడంత చోటు.

మొదటిరోజు లెక్కల మాస్టారు "పిల్లలు పుస్తకాలు ఎందుకు చదవడం లేదు?" అని ఉన్నదున్నట్టు టైపు చేశారు. శిక్షకుడు నవ్వాడు.

"డేటాబేసు మీ బావగారు కాదండీ, అలా నోరారా పలకరించడానికి. దానికి కీలకపదాలివ్వాలి. మధ్యలో మూడే మాటలు. మరియు, లేదా, కాదు. మరియు అంటే రెండూ ఉండాలి. లేదా అంటే ఏదో ఒకటి చాలు. కాదు అంటే అది వద్దు."

ఉపాధ్యాయులు రెండు రోజులపాటు ఈ మూడు మాటలూ రాసుకున్నారు. మూడో రోజున నక్షత్రం గుర్తు పరిచయమైంది. మాటలో మొదటి ముక్క రాసి నక్షత్రం పెడితే దాని రకాలన్నీ వచ్చేస్తాయి. "పిల్ల" అని రాసి నక్షత్రం పెట్టారు. పిల్లలు వచ్చారు, పిల్లవాళ్లు వచ్చారు, వాళ్లతోపాటు పిల్లకాలువలు, పిల్లనగ్రోవులు, పుట్టిన వారంలోపు కోడిపిల్లలకు వచ్చే జబ్బులూ వచ్చాయి. మొత్తం మూడు లక్షల ఫలితాలు. సైన్సు టీచర్ కోడిపిల్లల వ్యాసం శ్రద్ధగా చదివి, బాగుందన్నారు. ఆ మూడు వారాల్లో ఆ గదిలో ఎవరైనా దేన్నైనా చివరిదాకా చదివింది అదొక్కటే.

ఇక వలను బిగించాలన్నాడు శిక్షకుడు. కాదు కోడి, కాదు కాలువ, కాదు పిల్లనగ్రోవి. ఒక్కో మాటకు సమానార్థకాలు కావాలంటే భాషా పండితులు "పిల్లలు" అన్న ఒక్క పదానికే బాలలు, శిశువులు, అర్భకులు, బుడతలు అంటూ ఇరవై ఏడు చెప్పి, చొక్కా సర్దుకున్నారు. పుస్తకానికి పంతొమ్మిది. పదిహేను రోజుల ఉమ్మడి కృషితో పదకొండు పంక్తుల ప్రశ్న తయారైంది. అందరూ ఊపిరి బిగబట్టగా ప్రధానోపాధ్యాయులవారు స్వహస్తంతో మీట నొక్కారు.

ఫలితాలు సున్నా.

"చూశారా!" అన్నారాయన, ముఖం చింకి చేటంత చేసుకుని. "సమస్య ఉంటే ఎక్కడో ఒకచోట వ్యాసం ఉండేది. లేదంటే సమస్య లేనట్టేగా!"

శిక్షకుడు మాత్రం ఒప్పుకోలేదు. సున్నా వచ్చిందంటే పరిశోధనలో ఖాళీ ఉన్నట్టట. ఖాళీని పూరించడం జాతీయ అవసరమట. శిక్షణను సంవత్సరాంతం దాకా పొడిగించి, గ్రంథాలయాన్ని శాశ్వతంగా పఠనాసక్తి పరిశోధనా కేంద్రంగా మార్చాలని తీర్మానించారు. పుస్తకాల టీచర్ హోదాను సమాచార అన్వేషణాధికారిగా పెంచారు. ఆవిడ సంతోషించినట్టు కనిపించలేదు. పెద్ద హోదాలు అలవాటుపడటానికి కొంత సమయం పడుతుంది.

ఈలోగా వరండాలో ఒక క్రమశిక్షణారాహిత్యం మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది మా అమ్మాయేనని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. మూసివేతకు ముందు శుక్రవారం ఆ పిల్ల ఒక ఆక్టోపస్ కథ చదువుతోందట. ఆ ఆక్టోపస్ గాజుతొట్టిలోంచి గొట్టంలోకి దూరేసరికి బెల్లు మోగిందట. రెండు వారాలు ఆగింది. తర్వాత పరిశోధన జరుగుతున్న గది తలుపు దగ్గర నిలబడింది.

"టీచర్, ఒక్క పుస్తకం తీసుకుంటాను. నలభై రెండో పేజీ నుంచి చాలు."

"తర్వాత రామ్మా," అన్నాడు శిక్షకుడు. "నీలాంటివాళ్లు ఎందుకు చదవరో కనుక్కుంటున్నాం."

పుస్తకాల టీచర్ లేచింది. బయటికొచ్చి, మెట్ల పక్కనున్న పట్టా ఒక మూల పైకెత్తి, దాన్ని కిటికీ ఊచకు ముడివేసి లోపలికెళ్లిపోయింది.

మర్నాడు ఆ పట్టా కింద ఇద్దరున్నారు. గురువారానికి పదకొండు మంది. ఆ పై వారం మెట్లమీద కూడా చోటు దొరకలేదు. ఆరో తరగతి కుర్రాడొకడు రెండో తరగతి పిల్లలకు పైకి చదివి వినిపిస్తుంటే, బెల్లు మోగినా ఎవరూ కదల్లేదు. అట్టలు నలిగాయి. ఒక పేజీ మీద బొటనవేలి ముద్ర కూడా కనిపించింది. ఇవన్నీ పుస్తకాల టీచర్ కిటికీలోంచి చూస్తూ, తలలు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ టీకి వెళ్లినప్పుడు ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని రెండే మాటలు కొట్టింది. బడి మరియు పుస్తకాలు. మొదటి పేజీలోనే ఒక వ్యాసం దొరికింది. అందులో ఉన్నదంతా ఇంతే. పుస్తకాలు చేతికందే ఎత్తులో ఉండి, నచ్చింది తీసుకోనిచ్చి, చదవడానికి కాస్త తీరిక ఇస్తే పిల్లలు చదువుతారు. ఆవిడ ఆ కాగితాలతో ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లింది. సంఘం పనిమీద నేనూ అక్కడే ఉన్నాను.

"ఆధారం అడిగారు కదా సార్."

ఆయన చదివి పెదవి విరిచారు. "ఇదేముందమ్మా, చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు."

"చిన్నపిల్లల్నే చూడండి సార్, అటు." ఆవిడ కిటికీ చూపించింది. "నిన్న అరవై మూడు మంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పిలవలేదు. తాళం లేదు, అంతే."

ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో మెత్తదనం లాంటిదేదో కదిలినట్టు నాకు అనిపించింది. "ఆ మూడో మెట్టుమీది వాడు," అన్నారు చివరికి, "పుస్తకాన్ని వెనక్కి మడిచి పట్టుకున్నాడు!"

విద్యాధికారిగారు తనిఖీకి వచ్చింది ఆ శుక్రవారమే. మెట్లు ఎక్కడానికి దారిలేక ఆయన పిల్లల మధ్యనుంచి కాళ్లు ఎత్తెత్తి వేస్తూ నడవాల్సివచ్చింది. ఆయన్ను చూసి ఒక్క పిల్ల కూడా లేవలేదు, ఎందుకంటే ఒక్క పిల్ల కూడా ఆయన్ను చూడలేదు. ఆయన చలించిపోయారు.

"మహాశయులారా," అన్నారు సభలో, "డేటాబేసు అన్వేషణ వ్యూహాలు ఇంత త్వరగా ఫలిస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు! గదిలో పెద్దలు వెతుకుతుంటే ఆ ప్రభావం గోడలు దాటి పిల్లలమీద పనిచేసింది. ఇది ఒక నమూనా! ఇది ఒక మార్గదర్శనం!"

పుస్తకాల టీచర్ లేచి నిలబడింది. "శిక్షణవల్ల కాదండీ. పుస్తకాలు బయటపడ్డాయి కాబట్టి చదువుతున్నారు. బీరువాల్లో పెట్టి తాళం వేస్తే మళ్లీ మానేస్తారు. తాళాలు తీసెయ్యండి. ఇంకేమీ వద్దు."

విద్యాధికారి చెడ్డ మనిషి కాదు. కొంచెం ఆలోచించి, మాకెవరికీ అలవాటు లేని పని చేశారు. ఒప్పుకున్నారు. "సరేనమ్మా. తల్లిదండ్రులకు అభ్యంతరం లేకపోతే తాళాలు తీసేయిద్దాం. వాళ్లు సంతకాలు పెడితే నేనూ పెడతాను," అన్నారు.

తల్లిదండ్రుల సమావేశం ఆదివారం నా ఆధ్వర్యంలో జరిగింది. ఎన్నడూ లేనంతమంది వచ్చారు. పిల్లలు చదవాలన్న తీర్మానం చప్పట్లమధ్య ఏకగ్రీవంగా నెగ్గింది. తర్వాత తాళాల సంగతి వచ్చింది. తన కొడుకు లెక్కలు మానేసి మెట్లమీద కథలు చదువుతున్నాడని ఒక తల్లి వాపోయింది. ఈమధ్య ఇంట్లో ప్రశ్నలెక్కువయ్యాయని ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. పరీక్షలు అయ్యాక చూద్దామని ఒకరన్నారు. పరీక్షలు అయ్యాక మళ్లీ పరీక్షలుంటాయని ఇంకొకరు గుర్తుచేశారు.

పుస్తకాల టీచర్ నావైపు తిరిగింది. "సార్, మీ అమ్మాయి చదువుతున్నప్పుడు ఎప్పుడైనా చూశారా?"

"చూశానండీ," అన్నాను. "వీపు వంచి కూర్చుంటోంది. కళ్లకు కూడా మంచిది కాదు."

తాళాలు ఉంచాలని అక్కడికక్కడే రాసిన అర్జీమీద మొదటి సంతకం నాదే. పుస్తకాలను సోమవారం ఆవిడే ఒక్కొక్కటి తుడిచి బీరువాల్లో సర్దింది. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసింది. ఇంటికొచ్చాక ఏమీ మాట్లాడలేదు. ప్రశ్నలు తగ్గాయని మా ఆవిడ కూడా ఊరట చెందింది.

నివేదిక పై ఆఫీసుకు చేరింది. "పిల్లలు చదవకపోవడానికి కారణాలు ఇంకా తెలియరాలేదు, మరింత పరిశోధన అవసరం" అన్నది దాని చివరి వాక్యం. దాన్నీ డేటాబేసులో ఎక్కించారు.

అర్జీ కాగితంలో ఇంకా కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఆరోజు మీకు రావడం కుదరలేదని తెలుసు. ఇలాంటివన్నీ చదివి నవ్వుకుని, పిల్లాడి చేతిలో కథల పుస్తకం కనబడితే "ముందు హోంవర్కు చూపించు" అనే మీలాంటివారి కోసమే వాటిని అట్టేపెట్టాం. చిరునామా చెప్పండి, కాగితం ఇంటికే పంపిస్తాం.