మీట నొక్కితే ఏడుపు

తెల్లవారుజామున నమాజు ముగించి హిదాయతుల్లా వంటింట్లో దీపం వేసేసరికి ఆ రోజు అతను చెయ్యవలసిన పనులు మూడే ఉన్నాయి. గుడ్లూ టమాటాలూ వండడం, ఇల్లు ఊడవడం, పెడన నుంచి మొదటి బస్సులో వచ్చే భార్యని నవ్వు మొహంతో లోపలికి పిలవడం. ఈ మూడూ సవ్యంగా జరిగితే అతను మళ్లీ కువైటు వెళ్లక్కర్లేదు. బందరు బస్టాండు దగ్గర టిఫిను హోటలు పెట్టుకుని, పెళ్లయిన తొమ్మిదేళ్లకి పెళ్లాంతో ఒకే ఇంట్లో కాపరం చెయ్యొచ్చు.

ఆరేళ్లు అతను కువైటులో ఒక హోటల్లో బల్లలు తుడిచాడు. తిరిగొచ్చేవాళ్లు టేప్ రికార్డర్లు తెచ్చుకుంటుంటే, అతను మైక్రోవేవ్ అవెన్ తెచ్చుకున్నాడు. హోటలు యజమాని కొత్తది కొని, పాతదాన్ని అతనికిచ్చేశాడు. ఇనప్పెట్టె అంత బరువు. బొంబాయి నుంచి బెజవాడ దాకా రైల్లో, అక్కడినుంచి బస్సు మీద, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. పెడనలో అత్తవారి వీధి వీధంతా దాన్ని టీవీ అనుకుని చాపలు పరుచుకుని కూర్చుంది. అరగంట చూసి, బొమ్మ రాకపోయేసరికి లేచి వెళ్లిపోయింది. అతని భార్య ఖైరున్ బీ ఆ అవమానం ఇంకా మర్చిపోలేదు.

"మంట లేకుండా ఉడికేది మనుషులు తినేది కాదు," అంది. "అయినా వస్తాను. మీరు వండి పెట్టండి, తిని చూస్తాను. ఇల్లు కూడా చూస్తాను. రెండిట్లో ఏది తేడాగా ఉన్నా, ఆ పూటే వెనక్కి బస్సెక్కేస్తా."

అందుకే అతను మూడు రోజుల ముందే బందరు వచ్చి ఈ వాటా అద్దెకి తీసుకున్నాడు. పాత పెంకుటిల్లు. మధ్యలో ఒకే గోడ, రెండు వాటాలు, వెనక ఉమ్మడి పెరడు, ఇద్దరికీ కలిపి ఒకటే కరెంటు. పక్క వాటాలో కోర్టు గుమాస్తా బసవపున్నయ్య కుటుంబం. నెమ్మదైనవాళ్లు. ఈ మూడు రోజుల్లో ఆ వైపు నుంచి గట్టిగా ఒక మాట వినిపించలేదు.

డిసెంబరు నెల మంచు పెరట్లో పేరుకుని ఉంది. కిటికీ బయట బావి గట్టు కూడా కనిపించడం లేదు. హిదాయతుల్లా పింగాణీ గిన్నెలో రెండు టమాటాలు కోసి వేశాడు. వాటి మధ్య రెండు గుడ్లు, పెంకుతో సహా, జాగ్రత్తగా కూర్చోబెట్టాడు. కువైటు వంటవాడు ఎలా పెట్టేవాడో అతనికి తెలియదు. బల్లలు తుడిచేవాణ్ణి వంటగది గుమ్మం దాటనిచ్చేవారు కాదు. మీట నొక్కడం, గంట మోగడం, పళ్లెం బయటికి రావడం, ఇంతవరకే అతని చదువు.

గిన్నె లోపల పెట్టి, తలుపు మూసి, బిస్మిల్లా అనుకుని మీట నొక్కాడు.

పెట్టెలో పసుప్పచ్చ దీపం వెలిగింది. హూఁ అని లోతైన హోరు మొదలైంది. తల మీద బల్బు మాత్రం చిక్కిపోయి, ఎర్రని తీగముక్కలా మిగిలింది. అప్పుడు వినిపించింది ఏడుపు.

పిల్లి కాదు. నక్క కాదు. ఆడగొంతు. అందులో మాట లేదు, పేరు లేదు. ఎక్కడో అడుగున మొదలై, గోడలోంచి పైకి పాకుతున్నట్టుంది. హిదాయతుల్లా చప్పున మీట ఆపేశాడు. హోరు ఆగింది. బల్బు తెల్లగా వెలిగింది. ఏడుపు కూడా కత్తిరించినట్టు ఆగిపోయింది.

అతను చెవులు రిక్కించాడు. పెరట్లో చూరు మీంచి మంచు నీళ్లు చుక్కలుగా పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఏదో భ్రమ, ఆకలి మీద ఉన్నాను అనుకున్నాడు. మళ్లీ నొక్కాడు.

బల్బు చిక్కింది. ఏడుపు లేచింది. ఈసారి ఇంకా దగ్గరగా, చెవి పక్కనే. ఆపాడు. ఆగింది.

మూడోసారి నొక్కినప్పుడు అతని వేలు మీట మీద నిలవలేదు. గోడకి చెయ్యి ఆనించి చూశాడు. గోడ చెమ్మగా, చల్లగా ఉంది. దాని లోపల ఎవరో ఊపిరి బిగబట్టి, అతను మళ్లీ ఎప్పుడు నొక్కుతాడా అని కాచుకున్నట్టు అనిపించింది. ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుతూ వెనక్కి అడుగులు వేసి, వీధి గదిలో కూలబడ్డాడు. ఇల్లు ఊడవడం సంగతి అతనికి గుర్తు లేదు.

అంతలో వీధి తలుపు ఎవరో దబదబా కొట్టారు. హిదాయతుల్లా ప్రాణాలు ఎగిరిపోయి, మళ్లీ వచ్చాయి. తలుపు సందులోంచి చూస్తే బసవపున్నయ్య. కోర్టుకని వేసుకున్న ఇస్త్రీ చొక్కా, చేతిలో టార్చిలైటు. వెనకే అతని భార్య రాజకుమారి, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"హిదాయతుల్లా గారూ," అన్నాడు బసవపున్నయ్య, లోపలికి తొంగి చూస్తూ. "మీ ఆవిడ ఇంకా రాలేదన్నారు కదండీ?"

"ఇవాళ వస్తుందండీ. బస్సులో."

"మరి మీ ఇంట్లో ఏడుస్తున్నదెవరండీ?"

"మీకూ వినిపించిందా?" అన్నాడు హిదాయతుల్లా. ఆ మాటకి బసవపున్నయ్య మొహం మారిపోయింది. అది తప్పు చేసినవాడు దొరికిపోయి అన్న మాటలా వినిపించింది అతనికి.

"మూడుసార్లు! దీపాలు తగ్గించి మరీ ఏడిపిస్తున్నారు. ఏమండీ, సంసారులున్న చోట ఇదేం పని? ఎవరా మనిషి? బయటికి పంపించండి, భయం లేదని చెప్పండి. మేమున్నాం."

"ఇక్కడెవరూ లేరండీ! ఆ ఏడుపు మీ వైపు నుంచే వచ్చింది."

రాజకుమారి కొంగు తీసింది. "మా వైపు నేనూ మా ఆయనా వీధి గదిలో ఉన్నాం అన్నయ్యగారూ. వెనక గదిలో మా అత్తగారు వెంకాయమ్మ గారొక్కరే. ఆవిడకి మాట లేదు. ఉప్పెన అయినప్పట్నించీ లేదు."

అవనిగడ్డ అవతల దివిసీమ పల్లెలో వెంకాయమ్మ ఇల్లూ, పెనిమిటీ ఒక్క రాత్రిలో ఉప్పెన నీళ్లలో పోయారు. ఆవిడ ఒక్కతే తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉంది. కొడుకు వెళ్లి తీసుకొచ్చేనాటికి ఆవిడ నోట మాట లేదు. బెజవాడ డాక్టర్లు చూశారు, గుంటూరు డాక్టర్లు చూశారు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. రెండేళ్లయింది. ఆవిడ తింటుంది, పడుకుంటుంది, మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తుంది. అంతే.

"ఏడుపు వినగానే పరిగెత్తి చూశానండీ," అంది రాజకుమారి. "ఎప్పట్లాగే కూర్చునుంది. పాపం, కళ్లు మాత్రం ఇంతింత చేసుకుని గోడనే చూస్తోంది."

గోడనే చూస్తోంది అన్న మాటకి ముగ్గురికీ ఒకేసారి ఒళ్లు జలదరించింది.

సరిగ్గా ఆ క్షణంలో మంచులోంచి రిక్షా వచ్చి ఆగింది. ఖైరున్ బీ దిగింది. వెనకే ఆమె తమ్ముడు జానీ, బిందె నిండా వంటసామాను పట్టుకుని. గుమ్మంలో మొగుడూ, టార్చిలైటూ, పరాయి మనుషులూ.

"ఏం జరిగిందండీ?"

ఎవరూ మాట్లాడకముందే రాజకుమారి, మనసులో ఏదీ దాచుకోలేని మనిషి, చెప్పేసింది. "ఏం లేదు వదినా. పొద్దున్నించీ మీ ఇంట్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. అన్నయ్యగారు ఎవరూ లేరంటున్నారు."

ఖైరున్ బీ మొగుడి వైపు చూసింది. జానీ బిందె కింద పెట్టాడు. "బావా," అన్నాడు మెల్లిగా, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

హిదాయతుల్లా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. దెయ్యం అంటే ఇల్లు పోతుంది. ఆడమనిషి అంటే ఇల్లాలు పోతుంది. ఒక్క నిమిషం ఆలోచించుకుని, ఇల్లాలు దక్కే అబద్ధం ఏదన్నా ఉందేమోనని వెతికి, దొరక్క, నిజమే చెప్పాడు.

"దెయ్యం, ఖైరున్. గోడలో ఉంది. నేను మీట నొక్కితే ఏడుస్తోంది."

"చూపించండి," అంది ఖైరున్ బీ.

అయిదుగురూ వంటింట్లోకి వెళ్లారు. పేరుకి తెల్లారింది కానీ కిటికీ నిండా మంచే. జానీ గుమ్మానికి దగ్గరగా, అంటే పారిపోవడానికి వీలుగా, నిలబడ్డాడు. హిదాయతుల్లా చెయ్యి చాచాడు కానీ వేలు ముందుకి పోలేదు.

"తప్పుకోండి," అని ఖైరున్ బీ తనే నొక్కింది.

పెట్టె హోరెత్తింది. బల్బు ఎర్రబడి చిక్కిపోయింది. గోడలోంచి ఏడుపు లేచింది. రాజకుమారి మొగుడి భుజం పట్టుకుంది. మొగుడు జానీ భుజం పట్టుకున్నాడు. హిదాయతుల్లా ఆపబోతే ఖైరున్ బీ అతని చెయ్యి తోసేసింది. "ఉండండి. ఎక్కణ్ణించి వస్తోందో విననీండి."

ఇప్పటిదాకా ప్రతిసారీ పెట్టె ఆగింది. ఈసారి ఆగలేదు. ఏడుపు పెరిగింది. కాసేపటికి అందరికీ ఒకటే సంగతి అర్థమైంది. అది కదులుతోంది. గోడలోంచి పక్కకి జరిగింది. గోడ చివరికి వచ్చింది. పెరట్లోకి దిగింది. బావి పక్కనుంచి, మంచులోంచి, అడుగు తరవాత అడుగు వేసుకుంటూ ఇటే వస్తోంది. జానీ గుమ్మం దగ్గర నిలబడినందుకు చాలా చింతించాడు. ఎందుకంటే అది పెరటి గుమ్మం.

జుట్టు విరబోసుకుని, తెల్లచీర మంచులో కలిసిపోయి, ఒక ఆకారం గడప మీదికి వచ్చి నిలబడింది.

అదే క్షణంలో పెట్టె లోపల గుడ్లు పేలాయి.

ఫిరంగి పేలినట్టయింది. పెట్టె తలుపు ధడాలున తెరుచుకుంది. ఎర్రగా, వేడిగా ఏదో ఎగిరి గోడ మీదా, కప్పు మీదా, బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కా నిండా పడింది. ఫ్యూజు పోయి బల్బు ఆరిపోయింది. "నాకు తగిలింది, నెత్తురు!" అని బసవపున్నయ్య గుండె పట్టుకుని గోడవారన జారిపోయాడు. జానీ బల్ల కిందకి దూరాడు. హిదాయతుల్లా ఖైరున్ బీని తన వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్నాక చూసుకుంటే తనే ఆమె వెనక ఉన్నాడు.

హోరు ఆగిపోయింది. ఏడుపూ ఆగిపోయింది.

ఆ మసక చీకట్లో ఆకారం లోపలికి వచ్చింది. గోడ దగ్గరికి వెళ్లింది. జారుతున్న ఎర్రటి ముద్దని ఒక వేలితో తీసుకుంది. వాసన చూసింది. నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు లేదు," అంది.

ఆకారం వంగి పెట్టెలో తొంగి చూసి, గుడ్డు పెంకు ఒకటి పైకి తీసింది. "పగలగొట్టకుండా గుడ్డుని వండినోడెవడ్రా? ఏందిరా ఇది? ఏ తల్లి నేర్పింది నీకు వంట?"

బసవపున్నయ్య గుండె మీంచి చెయ్యి తీసేశాడు. ఆ గొంతు అతను రెండేళ్లుగా కలల్లో తప్ప వినలేదు.

"అమ్మా!" అన్నాడు. నలభై అయిదేళ్లవాడు, కోర్టులో జడ్జీల ముందు తొణకనివాడు, మోకాళ్ల మీద నడిచి వెళ్లి తల్లి పాదాలు పట్టుకుని బావురుమన్నాడు. రాజకుమారి కూడా ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపు అంటే హడలిపోయి ఉన్న హిదాయతుల్లాకి ఈ ఏడుపు మాత్రం భయమనిపించలేదు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

వెంకాయమ్మ కొడుకు తల నిమిరింది. తరవాత, ఎవరూ అడక్కుండానే చెప్పింది. మాటలు మొదట్లో ఆగి ఆగి వచ్చాయి.

"ఆ రాత్రి కూడా ఇట్టాగే హోరు. దీపం ఇట్టాగే చిక్కిపోయింది. మీ నాయన చెయ్యి జారిపోతంటే అరిచాను. ఎంత అరిచానో. ఆ గాలికి నా అరుపు నాకే ఇనబళ్లా. ఇంక అరిచి ఏం లాభం అనుకున్నా." ఆవిడ గోడకేసి చూసింది. "ఇయ్యాల మళ్లీ హోరొచ్చింది. అరిచాను. ఆగింది. మళ్లీ వచ్చింది. అరిచాను. ఆగింది. నేను అరిస్తే ఆగుద్దా అని... ఎవరో వింటన్నారని తెలిసింది. చూద్దామని వచ్చా."

హిదాయతుల్లా తల దించుకున్నాడు. తను భయపడి ఆపిన సంగతి ఆవిడకి చెప్పాలని అతనికి అనిపించలేదు.

కాసేపటికి వెంకాయమ్మ కొంగు బిగించింది. జానీని బల్ల కిందనుంచి లేపి కిరసనాయిలు స్టవ్వు వెలిగించమంది. ఖైరున్ బీ తెచ్చిన బిందెలోంచి మూకుడు తీసి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేయించి, టమాటాలు మెత్తబడ్డాక గుడ్లు ఒక్కొక్కటే అంచు మీద కొట్టి వేసింది. ప్రతి గుడ్డుకీ హిదాయతుల్లా వైపు తిరిగి, "ఇట్టా. చూశావా? ఇట్టా," అంది. ఆరుగురూ వంటింట్లో నేల మీదే కూర్చుని తిన్నారు. బసవపున్నయ్య ఎర్రమరకల చొక్కాతోనే తిన్నాడు. ఆ రోజు కోర్టుకి వెళ్లలేదు.

ఖైరున్ బీ చెయ్యి కడుక్కుని, ఇల్లు ఒకసారి కలియజూసింది. ఇల్లు ఊడవలేదన్న సంగతి హిదాయతుల్లాకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇల్లు బాగుంది," అంది ఆమె. "మనుషులున్నారు. జానీ, పెడన వెళ్లి మిగతా సామాను పట్రా."

నెల తిరిగేసరికి బస్టాండు దగ్గర హోటలు తెరిచారు. అందులో నాలుగు కిరసనాయిలు స్టవ్వులు, ఒక మైక్రోవేవ్ అవెన్ ఉండేవి. అవెన్ అద్దం తలుపు వెనక బన్నులు పేర్చి పెట్టేవాళ్లు. ఈగలు దూరేవి కావు. గుడ్డూ టమాటా కూర కోసం గుడివాడ బస్సు డ్రైవర్లు కూడా కాసేపు ఎక్కువగా ఆపేవారు. ఆ కూర ఎలా చెయ్యాలో వెంకాయమ్మ రోజూ పొద్దున హోటలుకొచ్చి మొదటినుంచీ చెప్పేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి రాజకుమారికి పప్పు ఎలా చెయ్యాలో, బట్టలు ఎలా ఆరెయ్యాలో, తలుపు ఎలా మూయాలో చెప్పేది. సాయంత్రం వీధిలో వాళ్లందరికీ అన్నీ చెప్పేది.

ఒకరోజు మధ్యాహ్నం రాజకుమారి పెరట్లో అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "అన్నయ్యగారూ, ఆ పెట్టెకి రెండో మీట ఏదన్నా ఉందాండీ?" అని అడిగింది. లేదమ్మా అని హిదాయతుల్లా ఇంకా చెప్పనేలేదు, "ఎవరితోనే ఆ గుసగుసలు?" అని గోడ అడిగింది.