రెండు క్లిక్కుల రివాల్వర్

ఒక దేశం ఎంత నాగరికమైనదో తెలియాలంటే దాని రోడ్లూ బడులూ చూడనక్కర్లేదు. అక్కడ ఒక రివాల్వర్ చెయ్యి జారి కింద పడితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఎన్ని విభాగాలు ఎంత మర్యాదగా జవాబు చెప్పకుండా ఉండగలవో చూస్తే చాలు. ఆ లెక్కన మా దేశం, అందులోనూ మా వయోమింగ్ రాష్ట్రం, లోకానికే పెద్దన్న.

నా భార్య వెర్నాకు ఒక పాత రివాల్వర్ కావలసివచ్చింది. ఎండాకాలం గడ్డి పొలాలకు నీళ్ళు పెట్టే పని ఆవిడదే (నా నడుముకు ఆ పనంటే పడదు). కాలువ గట్ల నిండా తోక గలగలలాడించే పాములు. మొన్ననే ఒకటి మా కుక్కను కాటేసి చంపేసింది. వెర్నాకు మోకాలు బాగోదు, బురదలో జారి పడుతూనే ఉంటుంది. ఇకమీదట నడుముకు రివాల్వర్ కట్టుకుని మరీ పడుతుంది కాబట్టి, పడితే పేలని రివాల్వర్ కావాలంది. ఆవిడ కోరిందల్లా అంతే.

ఆవిడ తండ్రి డెల్బర్ట్‌కు టామరాక్ కంపెనీ వారి ‘ప్రాస్పెక్టర్’ ఉండేది. దానితోనే కూతురికి కాల్చడం నేర్పాడు. ఒకరోజు అది ట్రక్కు మీంచి జారి, గుండును కొట్టి పేల్చే వెనక సుత్తి నేలకు తగిలి, దానంతటదే పేలి, ఆయన ఎడమ కాలి చిటికెనవేలును తీసుకుపోయింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ సుత్తి కింది అర ఖాళీగా వదిలి, ఐదు గుళ్ళే వేసేవాడు. మా వైపు పెద్దవాళ్ళందరూ అంతే. ఆరు గుళ్ళది కొనుక్కుని ఐదింటితో సర్దుకోవడాన్ని ఇక్కడ అనుభవం అంటారు.

కొన్నాళ్ళకు కంపెనీ వారికి మెలకువ వచ్చింది. పాత ప్రాస్పెక్టర్లన్నీ వెనక్కి పంపండి, ఉచితంగా బాగుచేసి ఇస్తామన్నారు. ఇప్పటికీ అంటున్నారు. కాబట్టి పాతది కొనేవాళ్ళు అది ఏ కాలపు తయారీయో, కంపెనీకి వెళ్ళొచ్చిందో లేదో తేల్చుకుంటే సరిపోతుంది. పిల్లల ఆటలాంటి పని.

మా ఊళ్ళో పాత తుపాకులు అమ్మేది హార్లన్ టీగ్. వాడి దుకాణంలో ప్రాస్పెక్టర్లు రెండున్నాయి. ఒకటి అద్దాల పెట్టెలో, పట్టుగుడ్డ మీద, దీపం వెలుగులో ఉంది. రెండోది ట్రేలో, చేపల గాలాల మధ్య పడి ఉంది.

“రెండూ ఒకటేగా?” అన్నాను.

హార్లన్ నన్ను జాలిగా చూశాడు. “ఒకటేంటయ్యా, నీ మొహం! అద్దాల్లోది ఒక్కసారి కూడా కంపెనీ గడప తొక్కలేదు. అన్నీ అసలు ముక్కలే. ట్రేలోది వెళ్ళొచ్చింది, పాపం.”

“అంటే అద్దాల్లోది కింద పడితే పేలుతుందా?”

“ఎందుకు పేలదూ? నిక్షేపంగా పేలుతుంది!” అన్నాడు గర్వంగా. “అందుకే దాని ధర రెట్టింపు.”

(పాత తుపాకులు పోగేసేవారి శాస్త్రం ఇది. జబ్బు నయమైనవాడి కంటే జబ్బుమనిషే విలువైనవాడని వారి సిద్ధాంతం.)

“నాకు నువ్వు ‘పాపం’ అన్నదే ఇవ్వు, హార్లన్,” అంది వెర్నా.

“డెల్బర్ట్ కూతురివి. నీకు రెండో రకం సరుకు ఇస్తే పైనున్న మీ నాన్న నన్ను తిట్టడూ?”

“పైకి పంపే సరుకు ఇస్తే నేనే స్వయంగా వెళ్ళి ఆయన చేత తిట్టిస్తాను. ట్రేలోది తియ్యి.”

హార్లన్ నిట్టూర్చాడు. ముందు కంపెనీ వారిని అడిగి చూసుకోమనీ, శనివారానికి తుడిచి నూనె వేసి ఉంచుతాననీ అన్నాడు. మేము అక్కడి నుంచే ఫోన్ చేశాం.

“మీ రివాల్వర్ ఇంకా పేలి ఉండకపోతే ఒకటి నొక్కండి,” అంది ఒక కంఠం. “ఇప్పటికే పేలి ఉంటే రెండు నొక్కండి. ప్రస్తుతం పేలుతూ ఉంటే దయచేసి లైన్లోనే ఉండండి. మీ కాల్ మాకు అమూల్యం.”

ఒకటి నొక్కాను. ఫోన్లో చాలాసేపు బాంజో సంగీతం వినిపించాక, తయారీ కాల నిర్ధారణ మరియు పునరాహ్వాన చరిత్ర విభాగపు తాత్కాలిక ఉపసంచాలకురాలు మిస్ ప్రిసిల్లా ఓక్స్ పలికారు.

“రివాల్వర్ మీదేనా అండీ?”

“ఇంకా కొనలేదండీ. కొనేముందు కనుక్కుందామని.”

“సొంతదారులకే చరిత్ర చెబుతామండీ. కొన్నాక అడగండి.”

“కొన్నాక తెలిసి ఏం లాభమండీ?”

“అమ్మేటప్పుడు పనికొస్తుందండీ.”

సొంతదారు హార్లనే కాబట్టి ఫోన్ వాడి చేతికిచ్చాను. రివాల్వర్ మీది నంబర్ చదివాడు. పాత తయారీ అనీ, కంపెనీకి వచ్చి బాగుపడి వెళ్ళిందనీ ఆవిడ సెలవిచ్చారు. ఇక అది పడితే పేలదు, ఆరు గుళ్ళూ వేసుకోవచ్చు, ఐదే వేస్తే మా పనితనాన్ని అవమానించినట్టవుతుంది అని కూడా అన్నారు. ఆ ముక్కే రాసి బంగారు ముద్రతో సర్టిఫికెట్ పంపారు. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాం.

శనివారం రివాల్వర్ ఇంటికొచ్చింది. వెర్నా వంటింట్లో ఖాళీ రివాల్వర్ సుత్తిని మెల్లగా వెనక్కి లాగింది. క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్.

“అచ్చం నాన్నదే!” అంది. కళ్ళు తడిసాయి. ఆ తర్వాత మొహం మారింది. “ఏమయ్యా, బాగుచేసినవి రెండుసార్లే పలుకుతాయి అంటారే. ఇది నాలుగు పలికిందేంటి?”

ప్రిసిల్లా గారికి మళ్ళీ ఫోన్ చేశాను.

“మా రికార్డులో రెండే ఉన్నాయండీ,” అన్నారావిడ.

“నా చెవులతో విన్నానండీ. నాలుగు.”

“ఫోన్ దగ్గర పెట్టి లాగమనండి.”

వెర్నా లాగింది. ఆవిడ శ్రద్ధగా విన్నారు. “రెండేనండీ. మిగతా రెండూ మీ వంటింటివి.”

వెర్నా నా వైపు చూసింది. నేను ఫ్రిజ్ వైపు చూశాను. సర్టిఫికెట్‌కు బంగారు ముద్ర ఉంది. నా చెవులకు ఎవరూ ఏ ముద్రా వేయలేదు. “ఆరూ వేసుకోవే, ఏం కాదు,” అన్నాను.

సోమవారం పొద్దున కాలువ తూము దగ్గర వెర్నా జారిపడింది. రివాల్వర్ ఒరలోంచి ఎగిరి రాతి మీద పడింది. వరండాలో కాఫీ తాగుతున్న నాకు ఆ చప్పుడు ఒకే క్లిక్కుగా వినిపించింది, కాకపోతే చాలా పెద్దది. నా ప్రాణం పోయినంత పనైంది. నడుము సంగతి మర్చిపోయి పరుగెత్తాను.

ఆవిడ బురదలో కూర్చుని, చిల్లుపడ్డ ఎడమ బూటును రెండు చేతులా పట్టుకుని ఉంది. “నాన్నదే,” అంది పళ్ళు బిగించి. “అదే కాలు. అదే వేలు.” నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

వెర్నా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు హార్లన్ నూడుల్సూ చేపా కలిపి ఓవెన్లో వండిన గిన్నె పట్టుకుని వచ్చాడు (మా వైపు ఎవరికి ఏం జరిగినా ముందుగా వచ్చేది ఈ గిన్నెలే). బల్ల మీద పెట్టి, జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సంచి తీశాడు.

కంపెనీ వారు బాగుచేసినప్పుడు తీసేసిన ప్రమాదకరమైన పాత ముక్కలను పారేయరు. అవి సొంతదారు ఆస్తి కాబట్టి సంచిలో పెట్టి రివాల్వర్‌తో పాటే తిరిగి పంపుతారు. వీటిని మళ్ళీ బిగించరాదని దాని మీద ఎర్ర అక్షరాలతో ఉంటుంది. ఆ అక్షరాలున్న సంచిని మా దేశంలో ఎవరూ పోగొట్టుకోరు.

హార్లన్ సంచిలో ఇప్పుడున్నవి కొత్త ముక్కలు.

“శుక్రవారమంతా కూర్చుని అసలువి బిగించానమ్మా,” అన్నాడు ముక్కు చీదుతూ. “డెల్బర్ట్ బిడ్డ రెండో రకం మోసుకు తిరగడమేంటని. పైసా ఎక్కువ అడిగానా చెప్పు? నీ పెళ్ళికి ఏమీ ఇవ్వలేకపోయానని మనసులో ఉండిపోయింది.”

“ఇప్పుడిచ్చావుగా,” అంది వెర్నా. “గిన్నె అక్కడే ఉంచి బయటికి నడువు. నిన్ను కొట్టడానికి లేవలేను, అదీ నీ అదృష్టం.”

నేను కంపెనీకి ఫోన్ చేసి, ఈసారి రెండు నొక్కాను. ప్రిసిల్లా గారు అంతా ఓపికగా విన్నారు.

“బాగుచేసిన రివాల్వర్ పడితే పేలదండీ. కాబట్టి ఇది పేలలేదు.”

“మరి బూటుకు చిల్లు ఎలా పడిందండీ?”

“అది బూటు వారిని అడగాలండీ. వారికీ ఇలాంటి విభాగమే ఉంది.”

ఉంది. బూటు కంపెనీ వారు ఎంతో మర్యాదస్తులు. తాళ్ళ కింద ఉండే బూటు నాలుక వెనక నంబర్ చదివించుకుని, పాత తయారీయేనని నిర్ధారించారు. ఎడమ బూటు పంపితే ఉచితంగా బాగుచేసి, అందులోంచి తీసేసినవన్నీ చిన్న సంచిలో పెట్టి తిరిగి పంపుతామన్నారు. వాటిలో వేలు ఉంటే, అది కూడా సొంతదారుదేనని హామీ ఇచ్చారు.