కూర్చుంటే లేవం సంఘానికి కొత్త పేరు

ఒక పెద్ద అడవిలో, ఎండాకాలం వస్తే ఒక్క వాగులో తప్ప ఎక్కడా నీటిచుక్క దొరకని చోట, 'కూర్చుంటే లేవం సంఘం' అని ఒక చిన్న సంఘం ఉండేది. పేరు మోటుగా ఉందంటారా? పనీ అలాంటిదే మరి.

వాగు రేవు అడవిపందుల గుప్పిట్లో ఉండేది. వాటికి పెద్ద గండప్ప. చిన్న జంతువు ఏదైనా నీళ్లకొస్తే "ముందు మేం పొర్లాలి, తర్వాత చూద్దాం" అనేవాడు. వాళ్లు పొర్లడం అయ్యేసరికి పొద్దుగూకేది, నీళ్లు బురదయ్యేవి. ఒక ఏడాది ముళ్లపంది పోలమ్మకి ఒళ్లు మండిపోయింది. పదిమందిని వెంటేసుకుని వెళ్లి, పందులు రేవులోకి దిగే దారికి అడ్డంగా కూర్చుంది. అందరికంటే ముందు తను, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని. గండప్ప అరిచాడు, కాళ్లు నేలకేసి కొట్టాడు, చివరికి ముట్టెతో ఒక్కసారి తోసి చూశాడు. ఆ ముట్టె వారం రోజులు వాచింది. నోరు మూసుకుని దారిచ్చాడు.

అప్పటినుంచీ పద్ధతి అదే. ఎవరికి నీళ్లు ఆపినా పోలమ్మకి కబురొచ్చేది. పోలమ్మ ఒళ్లు విదిలించి ముళ్లు గలగలలాడించగానే అందరూ ఎక్కడి పనులక్కడ వదిలేసి వెళ్లి కూర్చునేవాళ్లు. సంఘానికి గుర్తు కూడా, మొదటిరోజు తడిమట్టిలో పోలమ్మ కూర్చున్న చోట పడ్డ ముద్రే. గుండ్రంగా, నిండుగా, చుట్టూ ముళ్ల గీతలతో ఉండేది. పోలమ్మకి అదంటే గర్వం.

పదకొండు మంది సంఘం మూడేళ్లలో మూడొందలైంది. అంతమందిని చూసుకోవడానికి కార్యదర్శి కావాలని కుందేలు కేశవుల్ని పెట్టుకున్నారు. చురుకైనవాడు, మాటకారి, మనసు కూడా మంచిదే. ఒకటే జబ్బు, పెద్దవాళ్ల ముందు సంఘం పేరు చెప్పాలంటే చెవులు ఎర్రబడేవి.

"పిన్నీ, మొన్న ఏనుగుల సభకెళితే మీదే సంఘమయ్యా అని అడిగారు. చెప్పాను. పగలబడి నవ్వారు."

"నవ్వనీరా. వాళ్ల నోరు, వాళ్ల నవ్వు."

"అది కాదు పిన్నీ. మనం పెరిగాం. పేరు కూడా పెరగాలి కదా!"

మర్నాడే నెమలి శిఖామణిని వెంటబెట్టుకొచ్చాడు. సంస్థలకు పేరూ రూపూ దిద్దడంలో ఆయన్ని మించినవాడు లేడట. పులుల వేటదళానికి 'జనాభా సంక్షేమ మండలి' అని పేరు పెట్టింది కూడా ఆయనేనట.

శిఖామణి వస్తూనే గుర్తు చూశాడు. తల అటు వాల్చి చూశాడు, ఇటు వాల్చి చూశాడు. "అద్భుతం! కొండల మధ్య సూర్యోదయమా?"

"కాదు, నా పిర్రలు" అంది పోలమ్మ.

కేశవులు రెండు చెవులూ కళ్ల మీదికి లాక్కున్నాడు.

శిఖామణి చలించలేదు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, "మీ సంఘమే ఒక పువ్వయితే ఏ పువ్వయి ఉండేది?" అని అడిగాడు. కేశవులు తామర అన్నాడు. ఉడత సన్నజాజి అంది. పోలమ్మ వంతు వచ్చింది.

"పల్లేరుకాయ" అంది పోలమ్మ.

"అది పువ్వు కాదు మేడమ్."

"మాదీ పువ్వు పని కాదు బాబూ."

తర్వాత అభిప్రాయ సేకరణ అన్నారు. శిఖామణి నాలుగు రోజులు రేవులో నీళ్ల ఒడ్డునే నిలబడి, వచ్చి తాగిన ప్రతి జంతువునీ అడిగాడు. అయిదో రోజు లెక్క చదివాడు. నూటికి తొంభైమందికి నీళ్లకు ఏ ఇబ్బందీ లేదు. 'కూర్చుంటే లేవం' అన్న మాట వింటే మాత్రం వాళ్లలో చాలామందికి గుండె దడగా ఉంటోంది.

"రేవు దాకా రానిచ్చినవాళ్లనే కదయ్యా నువ్వు అడిగింది!" అని పోలమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "రానివ్వనివాళ్లు అక్కడెలా ఉంటారు?"

"అందుబాటులో లేనివాళ్ల అభిప్రాయం లెక్కలోకి రాదు మేడమ్" అన్నాడు శిఖామణి మర్యాదగా.

అలా సంఘం 'జలోదయ' అయింది.

"అంటే ఏంట్రా?" అని పోలమ్మ కేశవుల్ని అడిగింది.

"నీటికి ఉదయం పిన్నీ."

"మరి నీటికి మధ్యాహ్నం వద్దా?"

గుర్తు కూడా మారింది. నవ్వుతున్న నీటిబొట్టు వచ్చింది. కూర్చోవడం పోయి 'నిలబడి సంభాషించడం' వచ్చింది. సభల్లో ముళ్లు అణిచి ఉంచాలని తీర్మానం చేశారు. పోలమ్మకి 'గౌరవ స్ఫూర్తిప్రదాత' అని బిరుదిచ్చి చివరి వరసలో చోటు చూపించారు. పోలమ్మకి ఏడుపొచ్చింది. అయినా పిల్లలు ముచ్చటపడుతున్నారు, నేనెందుకు అడ్డుపడాలి అనుకుని ముళ్లు అణుచుకుని కూర్చుంది. జీవితంలో ఆవిడ చేసిన పెద్ద తప్పు అదే.

కొత్త పేరు పండక్కి ముఖ్య అతిథిగా గండప్పే వచ్చాడు. "ఎంత చల్లని పేరు! పాత పేరు వింటే నాకు ముట్టె సలిపేది" అన్నాడు. అక్కడికక్కడే శాశ్వత సభ్యుడై, రేవు బాధ్యత తనే మోస్తానని మాటిచ్చాడు. కేశవులు ఆనందం పట్టలేక మూడు గెంతులు వేశాడు. ఏళ్ల తరబడి పోట్లాడినా లొంగనివాడు ఒక్క పేరుకి లొంగాడనుకున్నాడు పాపం.

చైత్రం వెళ్లేసరికి ఎండలు ముదిరాయి. ఒక మిట్టమధ్యాహ్నం ఒళ్లంతా పొలుసులుండే అలుగు సీతాలు పోలమ్మ బొరియ దగ్గరికొచ్చి కూలబడింది. వీపు మీద బిడ్డ. బిడ్డ నాలుక బయటికి వేలాడుతోంది.

"అక్కా, మన కూర్చునే సంఘం చచ్చిపోయిందా?"

"ఏమైందే?"

"మూడు రోజులైంది నీళ్లు తాగి. పందులు రానివ్వడం లేదు. జలోదయ వాళ్లకి చెప్పుకుంటానన్నా. 'మేమే జలోదయ' అన్నారు. రొమ్ము మీద బురదతో నవ్వే బొట్టు వేసుకున్నారక్కా! ఫిర్యాదేదో మాకే ఇచ్చి పొమ్మన్నారు. ఇచ్చా. విచారించి, మా తప్పేం లేదని తేల్చుకున్నారు."

పోలమ్మ బిడ్డ ముఖం చూసింది. సాయంత్రం దాకా ఆగే ప్రాణం కాదది. ఆవిడ పరుగున కేశవులు దగ్గరికెళ్లింది.

"పదరా, కూర్చోవాలి."

"ఇప్పుడు మనం కూర్చోం కదా పిన్నీ" అని కేశవులు నసిగాడు. "గండప్పగారు మన సభ్యులు. మనం పోయి మన రేవు ముందే కూర్చుంటే జలోదయ పేరేం కాను? ఎల్లుండి సంభాషణ పెట్టిస్తాను."

"ఎల్లుండికి ఆ బిడ్డ ఉండదురా!"

కేశవులు తల దించుకున్నాడు. పోలమ్మ సీతాల్ని తీసుకుని రేవుకెళ్లి, పందుల దారికి అడ్డంగా చతికిలబడి, ఒళ్లు విదిలించింది. ఇన్నాళ్లూ అణిచిపెట్టిన ముళ్లు ఒక్కసారిగా గలగలమన్నాయి. ఆ చప్పుడుకి తొండ వచ్చింది. ముంగిస వచ్చింది. పాత పదిమందిలో ఏడుగురు వచ్చారు. మిగతావాళ్లు జలోదయ ఉపసంఘాల్లో ఉన్నారు, అనుమతి దొరకలేదు.

గండప్ప అరవలేదు, తొయ్యలేదు. ముట్టె సంగతి గుర్తుంది. జలోదయకే కబురు పెట్టాడు. "మన రేవు ముందు ఎవరో అల్లరి చేస్తున్నారు. మీ సంభాషణ బృందాన్ని పంపించి లేవదీయించండి."

కేశవులు మండుటెండలో పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే శిఖామణి. "పిన్నీ, లే. సంస్థ పరువు పోతుంది" అని బతిమాలాడు. నోరు ఎండి మాట సరిగా రావడం లేదు. "ఒక్క గుక్క తాగొచ్చి మాట్లాడతాను ఉండు" అని రేవులోకి దిగబోయాడు.

కాపలా పంది అడ్డం నిలబడింది. "ఫిర్యాదేదన్నా ఉంటే ఇచ్చి పో."

"నేను జలోదయ కార్యదర్శిని!"

"మేమూ జలోదయే. పెద్దాయన పొర్లడం కాలేదు. తర్వాత చూద్దాం."

కేశవులు నీళ్లకేసి చూశాడు, పంది రొమ్ము మీద నవ్వుతున్న బొట్టుకేసి చూశాడు. అప్పుడు సీతాలు వీపు మీద బిడ్డ కళ్లు మూతలు పడుతూ కనిపించాయి. వాడు చప్పుడు చెయ్యకుండా వచ్చి పోలమ్మ పక్కన కూర్చున్నాడు.

"కాస్త జరిగి కూర్చోరా, గుచ్చుకుంటాయి" అంది పోలమ్మ. ఆవిడకి కోపం పోలేదు, కానీ కొంచెం చోటిచ్చింది.

కార్యదర్శే కూర్చున్నాడని తెలిసి ఉపసంఘాలవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మొదట విషయమేమిటో చూద్దామని నిలబడ్డారు, తర్వాత వాళ్లకీ దాహమేసి కూర్చున్నారు. రేవులో ఉన్న గండప్ప బయటికి రావాలి, బయట ఎండలో ఉన్న పందులు లోపలికి పోవాలి. దారి లేదు. మూడు గడియలకు పందుల తోలు పేలడం మొదలుపెట్టింది. గండప్ప పళ్లు కొరుక్కుంటూ పక్కకి తప్పుకున్నాడు.

సీతాలు బిడ్డ నీళ్లలో మూతి పెట్టింది. ఎంతసేపటికీ తియ్యలేదు. పోలమ్మ బావురుమంది.

ఆ ఏడాది జలోదయ నివేదిక చాలా అందంగా వచ్చింది. 'గండప్పగారి సారథ్యంలో నిర్జల జీవులకు నీరు' అని మొదటి పుటలోనే సీతాలు బిడ్డ నీళ్లు తాగుతున్న బొమ్మ వేశారు. ఎండలో కూర్చున్నవాళ్లను బొమ్మలోంచి శిఖామణి స్వయంగా చెరిపేశాడు. అడవి అంతటికీ అదే ఉత్తమ సేవాసంస్థ అని ఏనుగుల సభ మెచ్చుకుని దండ వేసింది. పోలమ్మ ఆ సభకి వెళ్లలేదు. పై రేవులో ఎవరికో నీళ్లు ఆపారని కబురొస్తే కేశవుల్ని వెంటేసుకుని అటు వెళ్లింది.

నీతి: సంఘం అందరికీ నచ్చాలంటే దాహమేసినవాళ్లను ముందుగా అందులోంచి తీసెయ్యాలి.