వంద శాతం తగ్గిన చెత్త

వైట్‌ఫీల్డ్ రోడ్డు మీది చిన్న వ్యాపారాలను కాపాడటానికి మా వార్డు కౌన్సిలర్ మునినారాయణప్పగారు నడుం కట్టారు. రోడ్డు వెడల్పు చేస్తే అంగళ్ళన్నీ పోతాయి. పర్యావరణాన్ని కాపాడే ‘పచ్చని అంగడి’ అని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు మాత్రం శాశ్వతంగా చోటిస్తారు. 2004 ఉగాదినాడు ఆయన ఈ సంగతి ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే కూర్చున్నాను. కుర్చీ కూడా మా ఇంటిదే.

ఆ సర్టిఫికెట్ అంజినమ్మకు రాకపోతే ఇంకెవరికొస్తుంది అనుకున్నాం. పదహారేళ్ళుగా ఇడ్లీ అంగడి నడుపుతోంది. మోదుగాకు విస్తట్లో పెడుతుంది. తిన్నాక ఆ ఆకులు పక్కింటి ఆవుకు. చట్నీ పార్సెల్ కావాలంటే ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంజనీరైనా ఇంటి నుంచి గిన్నె తెచ్చుకోవలసిందే.

విచారణకు పర్యావరణ ఆఫీసరు హేమంత్‌కుమార్‌గారు లాప్‌టాప్‌తో వచ్చారు.

“డైలీ చెత్త ఎన్ని కిలోలమ్మా?”

“చెత్త యాడుండాదప్పా? ఏమీ లేదు.”

“పోయినేడు?”

“అప్పుడూ లేదు.”

ఆయన మొహం వాడిపోయింది. “అంటే మీరేమీ తగ్గించలేదన్నమాట! రూల్ ప్రకారం అరవై పర్సెంట్ రిడక్షన్ చూపించాలి. సున్నాలోంచి ఏం తగ్గిస్తామమ్మా?”

అంజినమ్మ కౌన్సిలర్‌గారింటికి పరుగెత్తింది. “ఈ అంగడి పోతే నా గతేమప్పా?”

పేదల కష్టం వింటే ఆయన మనసు వెన్న. “సుమ్నే ఊరికే ఏడవద్దు తల్లీ. తగ్గించాలంటే ముందు ఉండల్ల కదా! కొన్నాళ్ళు చెత్త చెయ్యి, ఆర్నెల్లకు మళ్ళీ తూకం ఏపిస్తా. సామాను నేను పంపిస్తా.”

మర్నాడే టెంపో నిండా థర్మోకోల్ ప్లేట్లూ, ప్లాస్టిక్ కప్పులూ దిగాయి. అవి ఆయన బావమరిది ఫ్యాక్టరీవని గిట్టనివాళ్ళు అన్నారు. నిజమే. స్థానిక వ్యాపారాన్ని ప్రోత్సహించడమంటే మరేమిటి?

అంజినమ్మ కష్టజీవి. మొదటి నెలలోనే రోజుకు పద్దెనిమిది కిలోల చెత్త చేసి చూపించింది. “సూపర్ బేస్‌లైన్!” అని హేమంత్‌కుమార్‌గారు ఆమెకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆవు వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది. “ఏమక్కా, ఇడ్లీ ప్లాస్టిక్ కంపు కొడతాంది,” అన్న ఆటో శామ్సన్ మళ్ళీ కనిపించలేదు. ఒక్కొక్కరే అందరూ మానేశారు. ఐదో నెలలో అంగడి మూసేసి, ఆమె టెక్ పార్కు క్యాంటీన్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. నాకు జాలేసింది. అయినా పెద్ద పథకాల్లో ఇలాంటివి సహజం.

గడువు రోజున హేమంత్‌కుమార్‌గారు తూకం మిషన్‌తో వచ్చారు. తాళం చూశారు. చుట్టూ వెతికారు. లాప్‌టాప్‌లో లెక్క కొట్టి ఎగిరి గంతేశారు. వంద శాతం తగ్గింపు! తాలూకాలోనే మొదటిదట.

సన్మానానికి అంజినమ్మ క్యాంటీన్లో పూట సెలవడిగి వచ్చింది. “ఆ అంగట్లోంచి ఒక్క కాగితం ముక్క బయటికి రావడంలేదు!” అని కౌన్సిలర్‌గారు మైకులో చాటారు. సర్టిఫికెట్ కోరిన మిగతా పదకొండు అంగళ్ళూ నెలాఖరుకల్లా ఈమె బాట పట్టాలని ఆదేశించారు. మేం చప్పట్లు కొట్టాం.

శాలువా కప్పుతుంటే ఆమె అడిగింది: “చోటు నాదేనా అప్పా? రేపట్నుంచి ఇడ్లీ ఏసుకోవచ్చునా? బియ్యం నానబెట్టేసి వచ్చినా.”

“చోటు నీదే తల్లీ! నిన్ను లేపేవాడు పుట్టలేదు. రికార్డు మాత్రం చెడగొట్టద్దు.”

మర్నాడు పొద్దున ఆమె పిండి గిన్నె ఎత్తుకుని వచ్చేసరికి, రేకు మీద రాయించిన సర్టిఫికెట్‌ను ఆఫీసు మనుషులు అంగడికి బిగిస్తున్నారు. రెండు తలుపులకూ కలిపి మేకులు కొడుతున్నారు.