జత దొరకని కోటు

"నేను అడుగు పెట్టానంటే కేసు సగం తేలిపోయినట్టే. మిగతా సగం నేరస్తుడే వచ్చి చెప్పుకుంటాడు," అన్నాడు భూతద్దం, డ్రైక్లీనింగ్ షాపు గుమ్మం తట్టుకుని బోర్లా పడబోతూ.

భూతద్దం నా చిన్ననాటి స్నేహితుడు. అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో. ఈమధ్య డేటాబేస్ నేర్పే క్లాసులో చేరాడు. మొదటి పాఠం అయ్యేసరికి లోకంలో తనకి తెలియని రహస్యమే లేదని తేల్చేసుకున్నాడు. నా ఖర్మ కాలి, అలాంటివాడి దగ్గర మా చెల్లెలి గోడు వెళ్లబోసుకున్నాను.

మా చెల్లెలు ఆ షాపు కౌంటర్లో పనిచేస్తుంది. ఉతకడానికిచ్చిన కోటు కోసం సాయంత్రం వస్తానని ఒక కస్టమరు ఫోన్ చేశాడు. కంప్యూటర్లో చూస్తే కోటన్నదే లేదు. నువ్వే నొక్కేసి ఉంటావని ఓనరు ఆమె మీద విరుచుకుపడ్డాడు. సాయంత్రానికి దొరక్కపోతే వేరే పని చూసుకోమన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. పొరపాటున ఎవరి పెన్నయినా బ్యాగులో పడితే పరిగెత్తుకెళ్లి ఇచ్చొచ్చే పిల్ల అది.

నేరస్థలం పరిశీలిస్తానంటూ భూతద్దం బట్టలు వేలాడే లోపలి గదిలోకి వెళ్లాడు. ఆధారాలేమీ దొరకలేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఒంటిమీద నల్లకోటుంది. డిటెక్టివన్నాక కోటుండాలన్నాడు. వేషం సంచిలో తెచ్చుకున్నాడు కాబోలనుకున్నాను. కోటు చేతులు మాత్రం అతని వేళ్లు దాటి వేలాడుతున్నాయి. అప్పుడు మా చెల్లెలు కళ్లు తుడుచుకుంటోంది, ఓనరు ఎప్పట్లాగే ఫోన్లో ఉన్నాడు.

భూతద్దం కంప్యూటర్ ముందు కూర్చుని ఉపన్యాసం అందుకున్నాడు. ఇందులో రెండు టేబుళ్లున్నాయట, ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాంట్లో కస్టమర్లు. 'సెలెక్ట్' అంటే ఏం కావాలో చెప్పడం, 'ఫ్రమ్' అంటే ఏ టేబుల్లోంచో చెప్పడం, 'వేర్' అంటే షరతు పెట్టడం. 'జాయిన్' అంటే రెండు టేబుళ్లనీ కలపడం.

"క్యాష్ టేబుల్ మాత్రం కదపొద్దు," అన్నాడు ఓనరు, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే.

"కస్టమర్ నంబరు రెండు చోట్లా కలిస్తేనే వరస బయటికొస్తుంది. జత దొరకని అనామకులకి నా దర్యాప్తులో చోటు లేదు," అని భూతద్దం మీట నొక్కాడు. చొక్కాలొచ్చాయి, దుప్పట్లొచ్చాయి. కోటు రాలేదు.

"కోటు రాలేదు కాబట్టి కోటు లేదు. కోటే లేనప్పుడు దొంగతనం లేదు. అంటే ఆ కస్టమరే దొంగ."

"ఆయనొచ్చి అడిగితే ఇదే చెప్పమంటావా అన్నయ్యా?" అంది మా చెల్లెలు నావైపు తిరిగి.

"నేరస్తుడు ఈ షాపు దాటి పోలేదు," అంటూ భూతద్దం ఒక చెయ్యి గాల్లోకి లేపాడు. రెండో చేతి మీంచి వేలాడుతున్న కోటు అంచు కీబోర్డులో అక్షరాలు చెరిపే మీట మీద పడింది. కంప్యూటర్ని అడగడానికి అతను రాసిన ప్రశ్న చివరినుంచి చెరిగిపోతూ వచ్చింది. కస్టమర్ల టేబుల్ పోయింది, జాయిన్ పోయింది. బట్టల టేబుల్లో ఉన్నవన్నీ చూపించమనే ముక్క మాత్రం మిగిలుండగా, అతను ఆవేశంలో బల్ల గుద్దబోయి ఎంటర్ మీట గుద్దాడు.

ఈసారి అట్టడుగున ఇంకో వరస కనిపించింది. కోటు, నలుపు, మూడో బొత్తాం లేదు, చివరి కొక్కెం. కస్టమర్ నంబరు గడి ఖాళీ. నంబరు లేదు గనక జత దొరకలేదు, జత దొరకలేదు గనక ఇందాక తెరమీదికి రాలేదు. అంతేగానీ కోటు షాపులోకి రాకపోవడమేం లేదు.

ముగ్గురం తలుపులోంచి చివరి కొక్కెం వైపు చూశాం. దానికేమీ లేదు. తర్వాత ముగ్గురం భూతద్దం వైపు చూశాం. అతను మూడో బొత్తాం పెట్టుకోబోయి, అది దొరక్క తడుముకుంటున్నాడు.

"షాపు దాటలేదని చెప్పానా లేదా?" అన్నాడు, సిగ్గన్నది లేకుండా కోటు విప్పుతూ.

"సరేలే, దొరికిందిగా," అన్నాడు ఓనరు. మా చెల్లెలి మొహంకేసి చూడనైనా లేదు.

భూతద్దానికి ఊపు తగ్గలేదు. ఇలాంటి అనాథ బట్టలు ఇంకెన్నున్నాయో తేలుస్తానని, కస్టమర్ నంబరు ఖాళీగా ఉన్నవే కావాలంటూ ఆ ప్రశ్నకి 'వేర్' తగిలించాడు. వచ్చిన వరసల్ని గొంతెత్తి చదివాడు.

"కోటు, తీసుకున్నది ఓనరు. కర్టెను, తీసుకున్నది ఓనరు. దుప్పటి, తీసుకున్నది ఓనరు."

మా చెల్లెలు భోజనానికి లేచినప్పుడల్లా, ఫోన్లో మాట్లాడుతూనే కస్టమర్ల దగ్గర బట్టలు తీసుకునేది ఆయనే. నంబరు నింపే తీరికెక్కడిది? చదువుతున్న మహానుభావుడికి మాత్రం ఏమీ ఎక్కలేదు, తన ప్రతిభకి తనే మురిసిపోతున్నాడు.

మా చెల్లెలు కోటు దులిపి కొక్కేనికి తగిలించింది.

"సార్, మరి వేరే పని ఎవరు చూసుకోవాలి?"

ఓనరు గబుక్కున ఫోను చెవికి ఆనించి హలో అన్నాడు. అది మోగనే లేదు.