ఎడమ చెంప ఎవరిది?

పదింటికి ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఎనిమిదికి గడ్డం గీసుకోవడం, ఎనిమిదిన్నరకి స్నానం, తొమ్మిదింపావుకి బస్సు అని గుమాస్తా లెక్క వేసుకున్నాడు. పదకొండేళ్లుగా అదే కుర్చీలో అరిగిపోయిన మనిషి పాపం, ఈ ఒక్క ఉదయమైనా సవ్యంగా గడవాలనుకోవడం అత్యాశ కాదు.

తీరా చూస్తే క్రీమ్ ట్యూబులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనే, చుట్టపుచూపుగా వచ్చిన మామగారి షేవింగ్ సబ్బు గిన్నె కనిపించింది. క్రీమయితే తడి బ్రష్షు తగిలీ తగలగానే నురగ కక్కుతుంది. సబ్బుకి అంత తొందరుండదు. ఆ సంగతి తెలియని గుమాస్తా బ్రష్షు నాలుగు తిప్పులు తిప్పి, నురగ రాలేదని గిన్నెలో మగ్గుడు నీళ్లు గుమ్మరించాడు.

"అయ్యయ్యో, ముంచేశారు!" అంటూ మామగారు పరుగెత్తుకొచ్చారు. "సబ్బుని బతిమాలాలి అల్లుడుగారూ! ముందు బ్రష్షు నానాలి. తర్వాత రెండంటే రెండు చుక్కల నీళ్లు. ఇక అలా తిప్పుతూనే ఉండాలి."

"ఎంతసేపు మామయ్యగారూ?"

"అదే చెబుతుంది."

అది ఎనిమిదీ నలభైకి చెప్పింది. కుడి చెంప మీద వెన్నలాంటి నురగ వచ్చింది. గీస్తే చెంప అద్దంలా తేలింది. ఎడమ చెంపకి మామగారు బ్రష్షు ఎత్తేసరికి, భార్య కొట్టుకి పంపిన బావమరిది కొత్త ట్యూబుతో ఊడిపడి రేజరు లాక్కున్నాడు.

"చెంపకి నలభై నిమిషాలా నాన్నా? ఇటు తిరుగు బావా, అర నిమిషం చాలు!"

"క్రీముతో గీస్తే సాయంత్రానికి మళ్లీ మొలుస్తుంది. ముట్టుకున్నావంటే ఊరుకోను!" మామగారు ఎడమ చెంపని అరచేత్తో కప్పేశారు.

"అది నా చెంపండీ," అన్నాడు గుమాస్తా. ఎవరూ వినిపించుకోలేదు.

భార్య వచ్చి, "చెరో సగం తీసుకోండి," అని తీర్పు చెప్పింది. చెవివైపు సబ్బుకి, ముక్కువైపు క్రీముకి. హద్దు ఎక్కడన్నదాని మీద మళ్లీ పేచీ. స్కేలు తెచ్చారు. ఈలోగా తొమ్మిది దాటింది. గుమాస్తాకి ఏడుపు తన్నుకొచ్చింది. చొక్కా తగిలించుకుని, సగం గడ్డంతోనే బస్సు కోసం పరుగు తీశాడు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు అధికారులున్నారు. "ఏమిటయ్యా ఆ ముఖం?" అన్నాడు పెద్దాయన. ఎలాగూ పోయినట్టేనన్న తెగింపుతో గుమాస్తా జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

పెద్దాయన లేచొచ్చి కుడి చెంప నిమిరాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "సబ్బే! ఓపికున్న ఇల్లు. పోస్టు నీదేనయ్యా!"

"అదెలా కుదురుతుంది సార్?" రెండో ఆయన బల్ల గుద్దాడు. "ఒక చెంపకి నలభై నిమిషాలు పట్టినవాడు ఒక ఫైలుకి ఎన్నాళ్లు తీసుకుంటాడు? క్రీమ్ వాడేవాణ్ణి చూడండి!"

వాదన ముదిరింది. చేతికందిన పోస్టు జారిపోతోందని గుమాస్తా గాభరాపడ్డాడు. ఇద్దరినీ మంచి చేసుకోబోయి, "రెండూ మంచివే సార్," అనేశాడు. ఇద్దరూ ఒకేసారి అతని వైపు గుడ్లురిమారు.

"ఏ పక్షమూ లేనివాడికి ఇచ్చేద్దాం," అన్నాడు అంతవరకూ నోరు విప్పని మూడో అధికారి.

పోస్టు, అదే ఇంటర్వ్యూకి హాజరైన స్టోర్‌కీపరుకి వచ్చింది. ఆయన గడ్డం బొడ్డుదాకా ఉంటుంది.