రాకాసి కలువను కనిపెట్టిన వైనం

మా చెరువులోని రాకాసి కలువను మొన్న జనవరిలో ఒక మంగళవారం ఉదయం పది గంటలకు కనిపెట్టారు. అంతకుముందు అది లేదు. దాని గింజలు వేయించుకు తిని పెరిగిన మేమంతా ఇన్నాళ్ళూ ఏం తిన్నామో ఇక విచారించుకోవాలి.

కనిపెట్టినవారు రాజధాని లాపాజ్ నుంచి దయచేసిన డాక్టర్ అర్సేగారు, వారి ఆరుగురు శిష్యులు, పదకొండు పెట్టెలు. తెడ్డు వేసింది మాత్రం మా పెత్రోనా అత్త. మమొరే నది పొంగిందంటే మా ఊరు లంక. అవతలి వైద్యశాలకు ఈ చెరువే దారి. ఆకులు రోజుకు మూరెడు పెరుగుతాయి, అడుగునంతా ముళ్ళు. అందుకే ఇంటికొకరు వంతులేసుకుని తెల్లవారగానే కత్తితో పడవబాట కోస్తాం. ఆ రోజు వంతు అత్తది.

ఆ బాట నడుమ డాక్టర్‌గారు పడవలో లేచి నిలబడ్డారు. పడవ ఊగింది, శాస్త్రం ఊగలేదు.

"మానవహస్తం సోకని ఈ జలాల్లో, ప్రకృతి స్వయంగా తీర్చిన ఈ కాలువలో, మనమే తొలి అతిథులం!"

"తొలి అతిథులా? పొద్దున నడుం పడిపోయేలా కోసి చచ్చాను నాయనా. ఈ దారి మొసలి కోసిందనుకున్నావా?" అంది అత్త.

'స్థానికులకు మొసళ్ళతో ఆత్మీయబంధం' అని ఒక శిష్యుడు రాసుకున్నాడు.

"రాసుకో బాబూ, రాసుకో. మీ గురువుగారిని కూర్చోమని కూడా రాసివ్వు. పడితే ముళ్ళు పీకాల్సింది నేనే."

పడవలో కత్తి కనబడింది కనుక నివేదికలో కలువకు ప్రమాదం కూడా కనబడింది. ప్రభుత్వం మా రోడ్డు విషయంలో ఎన్నడూ చూపని వేగంతో కదిలింది. చెరువులో కత్తి నిషేధం. ఆకు కోస్తే జైలు. వారంలో బాట మూసుకుపోయింది. కలువలు వర్ధిల్లుతున్నాయని రాజధానిలో సభ చేసి, డాక్టర్‌గారికి పతకం వేశారు.

నిషేధం వచ్చిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం అత్త కూతురు నేలిదాకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. అనుమతికి అర్జీ పెట్టుకోవచ్చు, కాదనలేదు. అర్జీ తీసుకునే కార్యాలయం చెరువు అవతలుంది.

అత్త కత్తి తీసింది.

"పట్టుకుపోతారే అమ్మా!" అంది నేలిదా, పడవలో మెలికలు తిరుగుతూ.

"పోనీ. ఆ మూలుగుడు మాని తిట్టు. ఆ డాక్టర్ని తిట్టవే, నొప్పి తెలీదు."

రెండొందల ఆకులు తెగాయి. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బతికారు.

తెగిన ఆకుల ఫొటో దేశదేశాలూ తిరిగింది. అందులో ఆకులు చక్కగా పడ్డాయి, నేలిదా పడలేదు. అత్త ఇప్పుడు జైల్లో ఉంది. కలువల హంతకురాలిని వదలొద్దని నలభై వేలమంది ప్రకృతి ప్రేమికులు కన్నీళ్ళతో సంతకాలు పెట్టారు.

ఆ జాబితా తెప్పించుకుని రోజూ చదువుతున్నాం. మీ పేరు దాకా ఇంకా రాలేదు.